బొటనవేలికి రెండు పనులు: గేమ్ కంట్రోలర్ చేతిని ఎందుకు నొప్పిస్తుంది?

దుకాణంలో కొత్త గేమ్ కంట్రోలర్‌ను చేతిలోకి తీసుకున్న కొన్ని సెకన్లలోనే అది హాయిగా ఉందో లేదో మనం తేల్చేస్తాం. ఆ కాసేపట్లో చేతికి తెలిసేవి పైపూత గరుకుదనం, వంపుల నునుపు, బరువు మాత్రమే. అదే కంట్రోలర్‌తో ఏకధాటిగా రెండు గంటలు ఆడాక బొటనవేలి మొదట్లో పుట్టే సలుపు, చూపుడువేలి బిగుతు, మణికట్టు దగ్గర లాగుడు ఆ మొదటి స్పర్శలో ఎక్కడా కనిపించవు. ఏ కంట్రోలర్ మంచిదన్న వాదనలు ఎంతకీ తెగకపోవడానికి ఇదొక ప్రధాన కారణం. ఒకరు మొదటి నిమిషం గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు రెండో గంట గురించి మాట్లాడుతుంటారు. ఆ రెండో గంటలో ఏం జరుగుతుందో అర్థం కావాలంటే కంట్రోలర్ కన్నా ముందు చేతిని, అందులోనూ బొటనవేలిని పరిశీలించాలి.

చెంబు ఎత్తినా, కొడవలి పట్టినా, క్రికెట్ బ్యాట్ అందుకున్నా మన చేతి పట్టు ఒకే పద్ధతిలో ఉంటుంది. నాలుగు వేళ్లు ఒక వైపు నుంచి చుట్టుకుంటే, బొటనవేలు ఎదురుగా వచ్చి బిగిస్తుంది. గేమ్ కంట్రోలర్ ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. పట్టుకోవడానికి పుట్టిన బొటనవేలిని ఆ పని నుంచి తప్పించి, అన్ని దిక్కులకూ వంగే చిన్న పుల్లలాంటి స్టిక్ తిప్పడానికీ బటన్లు నొక్కడానికీ నియమిస్తుంది. చూపుడువేలిని పై అంచున ఉండే ట్రిగ్గర్ మీట మీదికి పంపుతుంది. ఇక వస్తువును మోయడానికి మిగిలేవి మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెనవేలు, అరచేతి కండ. ఇవి మోత పనిని సరిగ్గా చేయగలిగినంత కాలం బొటనవేలు స్వేచ్ఛగా కదులుతుంది. చేయలేనప్పుడు బొటనవేలు మనకు తెలియకుండానే సాయానికి వచ్చి, స్టిక్‌ను కదుపుతూనే దాన్ని కిందికి అదమడం మొదలుపెడుతుంది. ఒకే వేలు ఒకే సమయంలో బిగించాలి, సున్నితంగా కదలాలి కూడా. బొటనవేళ్ల సాయం లేకుండా చేతులు కంట్రోలర్‌ను ఎంత తేలికగా మోయగలవన్న ఒక్క ప్రశ్న చుట్టూనే కంట్రోలర్ల ఎర్గోనామిక్స్, అంటే వాటిని శరీరానికి అనువుగా మలచే విద్య, చాలావరకు తిరుగుతుందని నా అభిప్రాయం.

దీన్ని ఎవరైనా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. కంట్రోలర్‌ను మామూలుగా పట్టుకుని, మోచేతులను దేనికీ ఆనించకుండా, రెండు బొటనవేళ్లనూ రెండు చూపుడువేళ్లనూ పైకెత్తండి. పిడులు చేతికి సరిపోతే కంట్రోలర్ ఉన్నచోటే నిలకడగా ఉంటుంది, మిగిలిన వేళ్లు అదనంగా బిగుసుకోవు. దాని ముందు భాగం కిందికి వాలిపోయినా, చిటికెనవేలు కింద ఆనడానికి చోటు దొరకక గాలిలో తేలుతున్నా, అరచేతికీ పిడికీ మధ్య ఖాళీ మిగిలినా ఆట మొదలయ్యాక ఆ లోటును పూడ్చేది బొటనవేలే. ఈ పరీక్షలో నెగ్గని కంట్రోలర్ ఎంత ఖరీదైనదైనా, ఎంత మెత్తని రబ్బరు పూతతో వచ్చినా రెండో గంటకు తన లోపాన్ని బయటపెడుతుంది.

లోపల జరిగేది కొంచెం వివరంగా చూద్దాం. బొటనవేలి మొదట్లో, మణికట్టుకు ఆనుకుని ఉండే కీలు గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది. అందుకే ఆ వేలు ముందుకూ వెనక్కూ పక్కలకూ కదలగలదు, గుండ్రంగా తిరగగలదు. స్టిక్‌ను తిప్పడానికి దాన్ని మించిన వేలు లేదు. అయితే దాన్ని పక్కకు చాచే, నిటారుగా లేపే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు పక్కన ఉన్న ఒక ఇరుకైన తొడుగులోంచి వెళతాయి. అవి మళ్లీ మళ్లీ రాపిడికి గురైతే, అందులోనూ మణికట్టు వంగి ఉన్నప్పుడు, ఆ తొడుగు మందమై టెండన్ల కదలిక కష్టమవుతుంది. స్విస్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వేన్ 1895లో వర్ణించిన ఈ స్థితికి నేటికీ ఆయన పేరే ఉంది. వేలితో ఆడితే నొప్పి మణికట్టు దగ్గర ఎందుకు వస్తోందని చాలామంది ఆశ్చర్యపోతారు. వేలిని లాగే తాళ్లు ముంజేతి నుంచి బయల్దేరి మణికట్టు మీదుగా వస్తాయి కాబట్టి నొప్పి అక్కడ తేలుతుంది.

బిగింపు వల్ల వచ్చే అలసట దారి వేరు. కండరం కదులుతూ పనిచేసేటప్పుడు బిగుసుకోవడం, వదులవడం వెంట వెంటనే జరుగుతాయి కాబట్టి రక్తం ఆడుతూనే ఉంటుంది. ఒకే స్థితిలో బిగుసుకుని ఉన్న కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది. కంట్రోలర్‌ను గట్టిగా పట్టుకుని కూర్చున్న అరగంటలో చేయి దాదాపు కదలకపోయినా అలసిపోవడానికి కారణం ఇదే. ఆట ఉత్కంఠగా మారేకొద్దీ పట్టు బిగుస్తుంది, అవసరానికి మించి నొక్కుతాం. ఏ తయారీదారూ ఈ కంగారును తగ్గించలేడు. పట్టు బిగిసినా బొటనవేలి దాకా ఆ బిగువు పాకకుండా ఉండే ఆకారాన్ని మాత్రం ఇవ్వగలడు.

ఆ ఆకారం ఒక్కసారిగా పుట్టలేదు. నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ కంట్రోలర్ చదునైన దీర్ఘచతురస్రం. తరవాత అమెరికాకు వెళ్లిన దాని రూపం ఎన్‌ఈఎస్ కంట్రోలర్‌కు మూలలు మరింత పదునుగా ఉండేవి. ఎడమవైపు నింటెండో డిజైనర్ గున్‌పే యొకోయ్ రూపొందించిన డి-ప్యాడ్ (నాలుగు దిక్కులకు నొక్కే ప్లస్ గుర్తు ఆకారపు బటన్), కుడివైపు రెండు బటన్లు, చేతికి ఆనడానికి మాత్రం ఏమీ లేదు. మూలలు అరచేతుల్లో గుచ్చుకునేవి. అంతకన్నా పెద్ద ఇబ్బంది మణికట్టుది. మోచేతులు శరీరం పక్కన ఉండి, రెండు చేతులు ముందు దగ్గరగా కలిస్తే ముంజేతులు సహజంగానే లోపలికి వాలి ఉంటాయి. నిలువు అంచులున్న పలకను అలా పట్టుకోవాలంటే మణికట్లను చిటికెనవేలి వైపు వంచక తప్పదు. 1990 నాటి సూపర్ ఫామికామ్ మూలలను గుండ్రంగా చేసి అరచేతులకు ఊరటనిచ్చింది, పై అంచున ఎల్, ఆర్ బటన్లు పెట్టి చూపుడువేళ్లకు మొదటిసారి పని ఇచ్చింది. అక్కడే కొత్త చిక్కు పుట్టింది. అంతవరకు పలక వెనక మోతకు సాయపడుతున్న చూపుడువేలు ఇప్పుడు పైకి వెళ్లింది.

1994 డిసెంబరులో వచ్చిన ప్లేస్టేషన్ కంట్రోలర్ ఈ చిక్కుకు సమాధానం. సోనీ డిజైనర్ టెయియు గోటో కంట్రోలర్ రెండు చివరల నుంచి కిందికి సాగే పిడులు పెట్టాడు. ఆటగాళ్లు చదును కంట్రోలర్లకు అలవాటు పడ్డారనీ, ఈ వింత రూపాన్ని ఒప్పుకోరనీ సంస్థలో కొందరు భయపడ్డారు. అధ్యక్షుడు నోరియో ఓగా గోటో వైపు నిలవడంతో పిడులు బతికాయి. వాటితో రెండు మేళ్లు జరిగాయి. చివరి మూడు వేళ్లు చుట్టుకోవడానికి ఒక ఆధారం దొరికింది, ముంజేతుల వాలుకు తగ్గట్టు పిడులు ఏటవాలుగా ఉండడంతో మణికట్లు నిటారుగా నిలిచాయి. ఈనాడు ఏ కంపెనీ కంట్రోలర్ తీసుకున్నా ఈ మూల ఆలోచన కనబడుతుంది.

స్టిక్ వచ్చాక బొటనవేలి భారం ఇంకో మెట్టు పెరిగింది. 1996 నాటి నింటెండో 64 కంట్రోలర్‌కు మూడు పిడులుండేవి. స్టిక్ మధ్య పిడి మీద ఉండేది, గట్టి ప్లాస్టిక్‌తో చేసిన దాని తలకు రబ్బరు తొడుగు లేదు. దాని మీద వచ్చిన మారియో పార్టీ గేమ్‌లోని కొన్ని చిన్న పోటీల్లో స్టిక్‌ను వీలైనంత వేగంగా గుండ్రంగా తిప్పిన వారు గెలుస్తారు. బొటనవేలితో అంత వేగం రాదు. అందుకే పిల్లలు కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకుని, అరచేతిని స్టిక్ మీద ఆనించి గిరగిరా తిప్పారు. అరచేతులు బొబ్బలెక్కాయి, కొందరికి చర్మం లేచిపోయింది. ఫిర్యాదులు న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ దాకా వెళ్లాయి, 2000లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ గేమ్ ఉన్న ఇళ్లకు ఉచితంగా చేతి తొడుగులు ఇవ్వడానికి నింటెండో అంగీకరించింది. అదే గేమ్‌ను 2022లో నింటెండో తన స్విచ్ ఆన్‌లైన్ సేవలో తిరిగి ఇచ్చినప్పుడు, స్టిక్‌ను అరచేతితో తిప్పవద్దన్న హెచ్చరికను తెర మీద చూపించారు.

ఈ ఉదంతంలో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. అక్కడ తప్పు ఒక్క స్టిక్‌ది కాదు, ఒక్క గేమ్‌ది కూడా కాదు. అదే స్టిక్‌తో మామూలు సాహస గేమ్ ఆడినవారి చేతులు బాగానే ఉన్నాయి. కంట్రోలర్ ఏ పనికి తయారైందో, గేమ్ ఏ పని అడుగుతోందో ఆ రెండూ పొసగని చోటే చర్మం నలిగింది. అందువల్ల ఒక కంట్రోలర్ సౌకర్యంగా ఉందా అని అడిగేటప్పుడు దానితో ఏ గేమ్ ఆడుతున్నామన్నది కూడా ఆ ప్రశ్నలో భాగమే.

చేతి కొలత మరో భాగం. పెద్దవారిలో మగవారి చేయి మణికట్టు నుంచి మధ్యవేలి కొస వరకు సగటున సుమారు 19 సెంటీమీటర్లు, ఆడవారిది సుమారు 17 సెంటీమీటర్లు ఉంటుంది, పిల్లలది ఇంకా తక్కువ. మైక్రోసాఫ్ట్ 2001లో తొలి ఎక్స్‌బాక్స్‌తో ఇచ్చిన కంట్రోలర్ ఈ తేడాను పట్టించుకోలేదు. ‘డ్యూక్’ అన్న ముద్దుపేరు తెచ్చుకున్న ఆ భారీ వస్తువును చిన్న చేతులతో పట్టుకుంటే బొటనవేలు అన్ని బటన్లకూ అందదు. అందుకోవాలంటే అరచేతిని పిడి మీంచి జరపాలి, జరిపిన ప్రతిసారీ పట్టు సడలుతుంది, సడలిన పట్టును మళ్లీ బొటనవేలే సర్దాలి. జపాన్ మార్కెట్ కోసం 2002లో తెచ్చిన చిన్న కంట్రోలర్‌నే ఆ తరవాత అన్ని దేశాల్లోనూ ఇవ్వడం మొదలుపెట్టారు. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ కంట్రోలర్‌ను సగటు ఎనిమిదేళ్ల పిల్లల చేతికి కూడా అమరేలా కాస్త కుదించామని అదే సంస్థ చెప్పింది. పెద్ద చేయి చిన్న కంట్రోలర్‌తో ఎలాగో సర్దుకోగలదు, చిన్న చేతికి పెద్ద కంట్రోలర్‌తో ఆ వీలు లేదు. ఈ నిర్ణయం సరైనదని నేను అనుకుంటాను, అయితే చాలా పెద్ద చేతులున్నవారు అలాంటి కంట్రోలర్లను పట్టుకుంటే వేళ్లు ముడుచుకుపోయి అదో రకం అలసట వస్తుందన్నదీ నిజమే.

ఇక ఆటగాళ్లు ఎక్కువగా తగువులాడుకునే విషయం ఎడమ స్టిక్ స్థానం. ప్లేస్టేషన్‌లో రెండు స్టిక్‌లూ కింద, మధ్యకు దగ్గరగా సమానంగా ఉంటాయి. ఎక్స్‌బాక్స్‌లో ఎడమ స్టిక్ పైన, డి-ప్యాడ్ కింద ఉంటాయి. చివరి మూడు వేళ్లు పిడిని చుట్టి ఉండగా బొటనవేలిని వదులుగా వాల్చితే దాని కొస సాధారణంగా పై స్థానానికి దగ్గరగా పడుతుంది. కింది స్టిక్‌ను అందుకోవాలంటే వేలిని మొదట్లోంచి లోపలికి వాల్చాలి. సోనీ ఆ స్థానాన్ని ఎంచుకోవడానికి కారణం చరిత్రలో ఉంది. 1994 కంట్రోలర్‌లో సుఖమైన పై చోట్లను డి-ప్యాడ్, బటన్లు అప్పటికే ఆక్రమించాయి, 1997లో స్టిక్‌లు చేర్చినప్పుడు వాటికి మిగిలిన చోటు ఇచ్చారు. రోజంతా స్టిక్‌తో నడిచే త్రీడీ గేములు ఆడేవారికి ఎక్స్‌బాక్స్ అమరిక, డి-ప్యాడ్ మీద ఆధారపడే టూడీ గేములు, ఫైటింగ్ గేములు ఆడేవారికి ప్లేస్టేషన్ అమరిక ఎడమ బొటనవేలికి తేలిక. ఈ వాదనలో తరచూ మరచిపోయేది కుడి చేయి. కుడి స్టిక్ రెండింటిలోనూ కిందే ఉంది. 2012లో వీ యూ ప్రో కంట్రోలర్‌లో నింటెండో రెండు స్టిక్‌లనూ పైన పెట్టి చూసింది, కానీ అప్పుడు బటన్లు కిందికి దిగాయి. బొటనవేళ్లు రెండే, సుఖమైన చోట్లు రెండే, అక్కడ చేరాలనుకునేవి మాత్రం నాలుగు.

స్థానం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది స్టిక్‌ను లోపలికి నొక్కే బటన్. అనేక షూటింగ్ గేముల్లో పరిగెత్తాలంటే ఎడమ స్టిక్‌ను ముందుకు తోస్తూనే కిందికి నొక్కాలి. తోసినప్పుడు వేలు చాపుకుంటుంది, నొక్కినప్పుడు అదే వేలి మీద నిలువుగా బలం పడుతుంది, అలా చాపుకున్న వేలు బలం పెట్టడానికి అంత అనువైనది కాదు. ఒక్కో మ్యాచ్‌లో ఇది లెక్కలేనన్ని సార్లు జరుగుతుంది. ఇలాంటి గేముల్లో చాలావాటికి సెట్టింగులలో స్వయంచాలకంగా పరిగెత్తే వీలుంది, లేదంటే ఆ పనిని వేరే బటన్‌కు మార్చుకోవచ్చు. కొత్త కంట్రోలర్ కొనే ముందు ఈ ఒక్క మార్పు చేసి చూడమని నేను ఎవరికైనా చెబుతాను, దీనికి పైసా ఖర్చు లేదు. స్టిక్ తల మీద వేలు జారుతుంటే కూడా మనం తెలియకుండా కిందికి అదుముతాం. విశాఖపట్నంలో, కాకినాడలో మే నెల ఉక్కపోతలో ఆడేవారికి అరచేతి చెమట తుడుచుకునే చిన్న తువ్వాలు అందుకే నిజమైన ఎర్గోనామిక్ పరికరం.

కుడి బొటనవేలు స్టిక్ మీద ఉండగా బటన్లు ఎవరు నొక్కాలి? పోటీ ఆటగాళ్లు కొందరు చూపుడువేలిని కొక్కెంలా వంచి పైనుంచి బటన్ల మీదికి తెస్తారు, ఖాళీ అయిన ట్రిగ్గర్‌ను మధ్యవేలు తీసుకుంటుంది. దీన్నే ‘క్లా’ పట్టు అంటారు. దీనివల్ల వేగం వస్తుంది, కానీ మోతకు మూడు వేళ్లకు బదులు రెండే మిగులుతాయి, వంకర తిరిగిన చూపుడువేలు, మణికట్టు గంటల తరబడి అదే భంగిమలో ఉంటాయి. వెనక బటన్లు ఈ సమస్యకు పుట్టిన పరిష్కారం. 2015 ఎక్స్‌బాక్స్ ఎలీట్‌లో వెనక నాలుగు మీటలు, 2023లో సోనీ తెచ్చిన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో రెండు బటన్లు వచ్చాయి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ మీటలను నొక్కాల్సింది పిడిని పట్టుకున్న మధ్య, ఉంగరపు వేళ్లే. మీట చాలా తేలికగా కదిలితే పట్టు బిగిసినప్పుడల్లా పొరపాటున నొక్కుకుంటుంది, గట్టిగా ఉంటే మోసే వేళ్లు అలసిపోతాయి. ఎలీట్ బరువు కూడా దాదాపు 350 గ్రాములు. ప్లేస్టేషన్ 4తో వచ్చే డ్యూయల్‌షాక్ 4 సుమారు 210 గ్రాములు, దాని తరవాతి డ్యూయల్‌సెన్స్ సుమారు 280 గ్రాములు. ఒళ్లో చేతులు పెట్టుకుని ఆడేవారికి ఈ తేడా పెద్దగా తెలియదు, చేతులు గాలిలో ఉంచి ఆడేవారికి తప్పక తెలుస్తుంది. తెర కూడా కలిసి ఉండే చేతి కన్సోల్‌లలో ఇది మరింత తీవ్రం. మొదటి స్టీమ్ డెక్ 669 గ్రాములు, పక్కలకు తగిలించే జాయ్‌కాన్ కంట్రోలర్లతో కలిపి తొలి నింటెండో స్విచ్ సుమారు 400 గ్రాములు. బరువైన స్టీమ్ డెక్‌కు నిండైన పిడులున్నాయి, తేలికైన స్విచ్ పలుచని పలక. రెండింటిలో చేతికి ఏది నయమన్నది కూర్చునే తీరును బట్టి మారుతుంది.

పిడులన్నవే లేని కంట్రోలర్ మన చుట్టూ కోట్ల చేతుల్లో ఉంది. మన ఊళ్లలో గేమింగ్ అంటే ఎక్కువగా ఫోన్. బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్ ఆడే కుర్రాళ్లు రెండు బొటనవేళ్లకు తోడు చూపుడువేళ్లనూ తెర పైభాగానికి వంచి ‘ఫోర్ ఫింగర్ క్లా’ ఆడతారు. అప్పుడు ఫోన్‌ను మోసేది కింద ఆనుకున్న చిటికెనవేళ్లు, వెనక ఆనిన మధ్యవేళ్లు. గాజు తెరకు స్టిక్ లాగా తిరిగి వచ్చే స్ప్రింగ్ లేదు కాబట్టి వేలు ఎంత దూరం జరిగిందో చర్మానికి తెలియదు, అందుకే అవసరానికి మించి నొక్కుతారు, మించి లాగుతారు. వేళ్లకు తొడిగే సన్నని గుడ్డ తొడుగులు చెమటనూ రాపిడినీ తగ్గిస్తాయి, మోత సమస్యను మాత్రం ముట్టుకోవు. మంచం మీద బోర్లా పడుకుని మోచేతుల మీద బరువు వేసి ఆడే అలవాటు ఉంటే ఇంకో ప్రమాదం తోడవుతుంది. మోచేతి లోపలి వైపు చర్మం కిందే వెళ్లే నరం నలిగి చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరి ఆట ఆపాక కూడా తగ్గకపోతే వైద్యుణ్ణి కలవాలి.

ఈ బాధలు వైద్యులకు కొత్త కావు. 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఒక లేఖ, ఏకబిగిన ఐదు గంటలు నింటెండో ఆడి కుడి బొటనవేలి నొప్పితో వచ్చిన 35 ఏళ్ల మహిళ గురించి చెప్పింది. 2009లో జెనీవా వైద్యులు అరచేతుల్లో నొప్పి పుట్టించే ఎర్రని గడ్డలతో వచ్చిన పన్నెండేళ్ల బాలికను పరిశీలించి, ప్లేస్టేషన్ కంట్రోలర్‌ను బిగించి పట్టుకుని ఎక్కువసేపు ఆడడమే కారణమని నిర్ధారించారు. పది రోజులు ఆట మానేశాక ఆమెకు పూర్తిగా నయమైంది. మొదటి ఉదాహరణలో కదిలిన వేలు దెబ్బతింది, రెండో ఉదాహరణలో మోసిన అరచేయి దెబ్బతింది. రెండింటిలోనూ చేయి విరామం లేకుండా అదే పని చేసింది. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య కంట్రోలర్‌ను పూర్తిగా కింద పెట్టి వేళ్లు చాపడం, మోచేతుల కింద కుర్చీ చేతులో దిండో ఉంచుకోవడం ఏ ఖరీదైన పిడి కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

మోత పనిని చేతి నుంచి పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? వికలాంగుల కోసం తయారైన కంట్రోలర్లు సరిగ్గా ఆ పనే చేశాయి. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ బల్ల మీదో ఒళ్లోనో ఉంటుంది, స్టాండుకు కూడా బిగించవచ్చు. దాని మీద రెండు పెద్ద బటన్లు, వెనక విడి స్విచ్‌లు తగిలించుకోవడానికి 19 రంధ్రాలు ఉన్నాయి. మోకాలితోనో తలతోనో నొక్కే స్విచ్‌ను ఎవరికి వీలైన చోట వారు అమర్చుకుంటారు. 2023 డిసెంబరులో సోనీ తెచ్చిన యాక్సెస్ కంట్రోలర్ గుండ్రంగా బల్ల మీద పరుచుకుని ఉంటుంది, దాన్ని ఏ దిక్కుకైనా తిప్పి పెట్టుకోవచ్చు, స్టిక్‌ను దగ్గరకో దూరానికో జరుపుకోవచ్చు, బటన్ మూతలను మార్చుకోవచ్చు. అలాంటివి రెండింటిని ఒక మామూలు డ్యూయల్‌సెన్స్‌తో జతచేస్తే మూడూ కలిసి ఒకే కంట్రోలర్‌గా పనిచేస్తాయి. అంటే డ్యూయల్‌సెన్స్‌ను ఒకరు చేతుల్లో పట్టుకుని స్టిక్ తిప్పుతుంటే, పక్కన కూర్చున్న ఇంకొకరు బల్ల మీది బటన్లతో అదే పాత్రను దూకించవచ్చు. చేయి నొప్పితో ఆట మానుకున్నవారిలో ఎందరికో ఈ పరికరాలు తమకూ పనికొస్తాయన్న సంగతి ఇంకా తెలియదు. బొటనవేలు నయమయ్యేలోగా ట్రిగ్గర్ పనిని కాలికింది స్విచ్‌కు అప్పగించి ఆడడానికి వైకల్య ధ్రువపత్రం ఎవరూ అడగరు.